రక్తకణాలను కాపాడే మందేనట, మా బాబుకు పట్టొచ్చా?

ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు రాయవద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆమె కొడుక్కి తొమ్మిదేళ్ళు. పుట్టిన కొత్తలో కామెర్లు ఎక్కువై పరీక్షలు చేయిస్తే, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉందని తేలింది. తర్వాత ఇన్నేళ్ళూ బాగానే ఉన్నాడు. రెండు నెలల క్రితం జ్వరం వచ్చి, మూడో రోజుకు మూత్రం డికాక్షన్ రంగులోకి మారింది. ఆస్పత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ 7.9. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు, నాలుగు రోజులు ఉంచుకుని పంపించారు. ఇంటికొచ్చిన వారానికి బావగారు ఒక సిరప్ సీసా తెచ్చారు, దాంతోపాటు ఒక పరిశోధన పత్రం ప్రింటు కూడా. ఒక ఔషధ మొక్క ఆకుల సారం ఎర్ర రక్తకణాలు పగిలిపోకుండా కాపాడుతుందని ఆ పత్రం. "వీడి జబ్బేమిటి? ఆక్సిడేషన్‌కు కణాలు పగిలిపోవడం. ఇదేమిటి? యాంటీ ఆక్సిడెంట్. ఇంతకన్నా ఏం కావాలి?" అన్నారట ఆయన. డాక్టర్ గారిని అడిగాక చూద్దామని ఈమె అన్నారు. అత్తగారు మాత్రం ఈమెకు చెప్పకుండా పన్నెండు రోజులు, పూటకో చెంచా పట్టారు. తెలిసిన రోజు ఇంట్లో పెద్ద గొడవ. ఈమె సీసా తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఈమధ్య మళ్ళీ పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 11.8 వచ్చింది. అది ఆ మందు చలవేనని, మధ్యలో ఆపించి పిల్లాడికి అన్యాయం చేశావని ఇంట్లో అందరూ అంటున్నారు. భర్త కూడా "అన్నయ్య ఊరికే చెప్పలేదు కదా, కాగితం చూపించాడు కదా" అంటున్నారు.

"నేను మొండిగా ఉన్నానా? నిజంగా మేలు చేసేదాన్ని నా బిడ్డకు దక్కకుండా చేస్తున్నానా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు" అని రాశారు. వాడికి ఈ విషయాలు చెప్పే వయసు వచ్చిందా అని చివర్లో అడిగారు. ఆ పత్రం, సీసా లేబుల్ ఫొటో పంపారు. మొక్క పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే కొందరు కొనడానికి, కొందరు భయపడటానికి పరిగెడతారు. నేను చెప్పేది ఆ ఒక్క మొక్కకే సంబంధించింది కాదు.

అమ్మా, మీరు మొండిగా లేరు. "డాక్టర్ని అడిగాక" అన్నారు తప్ప "వద్దు" అనలేదు మీరు. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో ఇంట్లోవాళ్ళకు ఇప్పుడు కనిపించడం లేదు. అలాగని మీ బావగారు తప్పుడు మనిషీ కాదు. ఆయన తెచ్చిన పత్రంలో ఉన్నది అబద్ధమూ కాదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ పత్రం అడిగిన ప్రశ్న వేరు, మీ ఇంట్లో ఉన్న ప్రశ్న వేరు.

ఆ పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను. ఆ పని నేనూ కొన్నేళ్ళు చేశాను. ఆరోగ్యంగా ఉన్న మనిషి దగ్గరో, ఎలుక దగ్గరో కాస్త రక్తం తీసుకుంటాం. సెలైన్‌తో రెండు మూడుసార్లు కడిగితే ప్లాస్మా పోయి ఎర్ర కణాలు మిగులుతాయి. వాటిని చిన్న గొట్టాల్లో పోసి, కొన్నింటిలో మొక్క సారం కలుపుతాం, కొన్నింటిని ఊరికే వదిలేస్తాం. తర్వాత కణాలను దెబ్బతీసే రసాయనం వేస్తాం. ఏఏపీహెచ్ అనేది ఒకటుంది, లేదంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. ఒంటి వేడిలో కొన్ని గంటలు ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తేడా కంటికే తెలుస్తుంది. కణాలు నిలబడ్డ గొట్టంలో అడుగున ఎర్రటి ముద్ద, పైన నీళ్ళలాంటి తేట. పగిలిపోయిన గొట్టంలో అడుగున దాదాపు ఏమీ ఉండదు, ఆ ఎరుపంతా పైనున్న నీళ్ళలోకి దిగిపోయి ఉంటుంది. ఆ ఎరుపును 540 నానోమీటర్ల దగ్గర కొలిచి, ఎంత శాతం కణాలు పగిలాయో లెక్క కడతాం. మొక్క సారం కలిపిన గొట్టం తేటగా కనిపించిన రోజు నాకూ ఎంతో సంతోషమనిపించింది. కాబట్టి ఆ గ్రాఫులు చూసి మీ బావగారికి ఆశ పుట్టిందంటే నాకు అర్థమవుతుంది.

అయితే ఆ గొట్టంలో మొక్క సారం నేరుగా కణాన్ని తాకుతోంది. నోటి ద్వారా తీసుకున్నదానికి ఆ వెసులుబాటు లేదు. మొక్కల్లో యాంటీ ఆక్సిడెంట్ గుణమున్న ఫినాలిక్ పదార్థాల్లో చాలావాటిని పేగులు కొంతే పీల్చుకుంటాయి. పీల్చుకున్నదాన్ని కూడా పేగు గోడ, కాలేయం కలిసి రూపం మార్చేస్తాయి. మోతాదు సంగతి కూడా చూడండి. ఇలాంటి పరీక్షల్లో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల సారం వాడటం మామూలే. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే దాదాపు 5 లీటర్ల రక్తంలో ఆ చిక్కదనం రావాలంటే 500 మిల్లీగ్రాముల సారం, ఏ మార్పూ లేకుండా, ఒక్కసారిగా రక్తంలో ఉండాలి. మింగిన చెంచాడు సిరప్‌తో అది జరిగే పని కాదు.

మీరు పంపిన పత్రంలో మొదట కనిపించే డీపీపీహెచ్ పరీక్ష ఇంకా దూరపు చుట్టం. దాంట్లో రక్తకణమే ఉండదు. డీపీపీహెచ్ ప్రయోగశాలలో తయారైన ఊదారంగు పదార్థం, మన ఒంట్లో ఎక్కడా లేదు. దానికి మొక్క సారం ఎలక్ట్రాన్ ఇస్తే ఊదా పోయి పసుపు వస్తుంది. ఆ మొక్కకు ఎలక్ట్రాన్ ఇచ్చే గుణం ఉందని తెలుస్తుంది, అంతే. ఇంకో సంగతి కూడా గమనించాను. పత్రంలో వాడింది ఆకుల నుంచి మిథనాల్‌తో తీసిన సారం. మీ సీసా లేబుల్ మీద ఆ మొక్క వేరు ఉంది, దాంతోపాటు మరో ఏడు మూలికలు ఉన్నాయి. అంటే ఆ పత్రం మీ సీసా గురించి మాట్లాడటమే లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. మీ బాబు కణాల సంగతి ఒక్కటీ ఒక ఎత్తు.

ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. దానికి కేంద్రకం ఉండదు, కాబట్టి పాడైన ఎంజైము స్థానంలో కొత్తది చేసుకోలేదు. పొద్దస్తమానం ఆక్సిజన్‌ను మోస్తూ, లోపల ఇనుము పెట్టుకుని తిరిగే కణం కాబట్టి పెరాక్సైడ్ లాంటివి దాంట్లో పుడుతూనే ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు శుభ్రం చేసేవాటిలో గ్లూటాథయోన్ ముఖ్యమైనది. పని చేసిన గ్లూటాథయోన్ మళ్ళీ పనికి రావాలంటే ఎన్‌ఏడీపీహెచ్ అనేది కావాలి. ఎర్ర కణంలో ఆ ఎన్‌ఏడీపీహెచ్ తయారయ్యే దారిలో మొదటి మెట్టే జీ6పీడీ ఎంజైము. మీ బాబులో ఆ మెట్టు బలహీనం. మామూలు రోజుల్లో ఉన్నదాంతో నెట్టుకొస్తుంది. ఒత్తిడి పెరిగిన రోజున గ్లూటాథయోన్ అయిపోతుంది, కణం పగులుతుంది. 1956లో ప్రైమాక్విన్ అనే మలేరియా మందు కొందరికి మాత్రమే ఎందుకు పడటం లేదని వెతుకుతూ పోతే ఈ లోపం బయటపడింది. ప్రపంచంలో దాదాపు 40 కోట్ల మందికి ఇది ఉంటుందని అంచనా, కాబట్టి మీ బాబు ఒంటరివాడేం కాదు.

ఇక్కడే మీ బావగారి లెక్క తిరగబడుతుంది. ఎలక్ట్రాన్ ఇచ్చే పదార్థం దాన్ని ఎవరికి ఇస్తుందన్నది ముఖ్యం. హానిచేసే రాడికల్‌కు, అంటే ఎలక్ట్రాన్ కోసం కణాన్ని దెబ్బతీసే చురుకైన అణువుకు ఇస్తే రక్షణ. పక్కనే ఉన్న ఆక్సిజన్‌కు ఇస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణం ఆ పెరాక్సైడ్‌ను చప్పుడు లేకుండా తుడిచేస్తుంది. మీ బాబు కణానికి ఆ తుడిచే శక్తే తక్కువ. విటమిన్ సి సంగతే తీసుకోండి. మామూలుగా తినేవాటిలో ఉండే పరిమాణంలో అది ఈ పిల్లలకు ఇబ్బంది కాదు. కానీ చాలా పెద్ద మోతాదుల్లో, ముఖ్యంగా సెలైన్‌లో ఎక్కించినప్పుడు, ఈ లోపం ఉన్నవారిలో కణాలు పగిలిన సంఘటనలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ఫావా గింజలు (ఒక రకం చిక్కుడు జాతి గింజలు) ఈ లోపం ఉన్నవారికి పడవని మీ డాక్టరు చెప్పే ఉంటారు. వాటిలో కణాలను పగలగొట్టే డివిసిన్, ఐసోయురామిల్ కూడా రసాయన స్వభావం చూస్తే ఎలక్ట్రాన్లు ఇచ్చేవే! గోరింటాకులో రంగునిచ్చే లాసోన్ వల్ల ఈ లోపమున్న పసిపిల్లల్లో కణాలు పగిలిన దాఖలాలూ ఉన్నాయి. మొక్కల్లో ఉండే, సబ్బులా నురగనిచ్చే సాపోనిన్లయితే ఎవరి కణాలనైనా గొట్టంలో నేరుగా పగలగొట్టగలవు.

ఆ మొక్క మీ బాబుకు హాని చేస్తుందని నేను అనడం లేదు. ఆరోగ్యవంతుల కణాలను కాపాడింది కాబట్టి మీ బాబు కణాలనూ కాపాడుతుందన్న మాట నిలబడదని మాత్రమే అంటున్నాను. ఆ పత్రంలో జీ6పీడీ లోపం ఉన్న రక్తం ఒక్క చుక్క కూడా లేదు. బావగారి ఆలోచన వేరేవాళ్ళకు రాకపోలేదు. ఈ లోపం ఉన్నవారికి విటమిన్ ఇ ఇచ్చి చూశారు. ఒకచోట కొంత మేలు కనిపించింది, ఇంకోచోట కనిపించలేదు. చికిత్సలో భాగంగా అది నిలదొక్కుకోలేదు. యాంటీ ఆక్సిడెంట్ అంటే ఎంతైనా మంచిదే అనుకోవడం పెద్ద పెద్ద పరీక్షల్లోనే దెబ్బతింది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ళ మీద చేసిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గుతుందని బీటా కెరోటిన్ ఇస్తే, తీసుకున్నవారిలో అది 18 శాతం ఎక్కువ కనిపించింది. అంతకుముందు కాగితం మీద బీటా కెరోటిన్‌కు వంక పెట్టేవాళ్ళు తక్కువ.

ఇక 7.9 నుంచి 11.8కి ఎలా వచ్చిందన్న ప్రశ్న. కాకి వాలడం, తాటిపండు పడటం అంటారే, అది. కణాలు పగిలిపోగానే ఎముకల్లోని మూలుగ మేలుకుంటుంది. మామూలు రోజుల్లోనే పెద్దవాళ్ళ మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర కణాలు చేస్తుంది. అవసరం పడితే దాన్ని కొన్ని రెట్లు పెంచుతుంది. ఇలా కణాలు పగిలే దాడి మొదలైన వారం పది రోజుల్లో రక్తంలో లేత కణాలు గుంపులుగా కనిపిస్తాయి, వీటినే రెటిక్యులోసైట్లు అంటారు. కొన్ని వారాల్లో హిమోగ్లోబిన్ దానంతటదే మామూలు స్థాయికి వస్తుంది. మీ బావగారు సీసా తెచ్చేనాటికే ఆ పని మొదలైపోయింది. మీ దగ్గరున్న ఆస్పత్రి కాగితాల్లో డిశ్చార్జి రోజు రిపోర్టు తీసి చూడండి. రెటిక్యులోసైట్ల శాతం పెరిగి ఉంటే, ఆ ఒక్క అంకె మీవారికి చూపిస్తే చాలు, సీసాకన్నా ముందే మీ బాబు ఒళ్ళు బాగుచేసుకోవడం మొదలుపెట్టిందని అర్థమవుతుంది.

ఇంకో మాట జాగ్రత్తగా వినండి, ఇది మీ అత్తగారికీ చెప్పాల్సిన మాట. "పన్నెండు రోజులు పట్టాను, ఏమీ కాలేదు కదా" అని ఆవిడ అంటున్నారని రాశారు. ఆ పన్నెండు రోజులూ వాడి రక్తంలో లేత కణాలు మామూలుకన్నా ఎక్కువగా ఉండి ఉంటాయి. లేత కణాల్లో ఈ ఎంజైము ముసలి కణాల్లో కన్నా ఎక్కువ ఉంటుంది. బలహీనమైన ముసలి కణాలు చాలావరకు జ్వరంలోనే పోయి ఉంటాయి. అందుకే దాడి తర్వాత కొన్ని వారాలు, ఈ లోపంలో కొన్ని రకాల్లో, ఒళ్ళు మామూలుకన్నా గట్టిగా నిలబడుతుంది. ఆ రోజుల్లో జీ6పీడీ పరీక్ష చేస్తే ఫలితం మామూలుగా ఉన్నట్టు పొరపాటుగా రావడానికి కారణం కూడా ఇదే. కాబట్టి అప్పుడు పడిందని ఇప్పుడూ పడుతుందనుకోకూడదు.

మరి ఏం చేయాలి? నిర్ణయం మీ ఇద్దరిది. దారులు, వాటి వెనక వచ్చేవి చెబుతాను.

సీసాను పూర్తిగా పక్కన పెట్టేయొచ్చు. దానివల్ల బాబు ఆరోగ్యానికి పోయేదేమీ లేదు. ఎందుకంటే ఈ లోపం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి దాడికీ దాడికీ మధ్య రోజూ వాడాల్సిన మందు అంటూ ఏదీ ఉండదు, దాడిని రేపే మందులు, పదార్థాలకు దూరంగా ఉంటే చాలు. ఆ సిరప్ నిజంగా పనిచేసేదే అనుకున్నా, మామూలు రోజుల్లో అది బాగుచేయాల్సింది ఏదీ లేదు. నేనైతే ఇటే మొగ్గుతాను. అయితే మీరు ఒక్కరే తాళం వేసి కూర్చుంటే పోయేది ఇంట్లో మనశ్శాంతి. అసలు ప్రమాదం ఏమిటంటే, ఈసారి మీకు తెలియకుండా ఇంకొకటి పడతారు, దాని పేరు కూడా మీకు తెలియదు.

రెండో దారి, సీసా, లేబుల్, పత్రం మూడూ పట్టుకుని బాబును చూసే డాక్టరు దగ్గరికి, వీలైతే హెమటాలజిస్టు (రక్త వ్యాధుల నిపుణుడు) దగ్గరికి వెళ్ళడం. బావగారిని కూడా తీసుకెళ్ళండి. ఆయన అడగదలచుకున్నది ఆయన నోటితోనే అడగనివ్వండి. డాక్టరు వద్దంటే ఆ మాట మీ నోటి నుంచి రాలేదు కాబట్టి మీ మీద పడదు. ఒకవేళ ఫరవాలేదంటే, ముందు హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్లు, బిలిరుబిన్ (కణాలు పగిలితే పెరిగే పసుపు పదార్థం) చూసుకుని, వాడేటప్పుడు మళ్ళీ చూసుకునే షరతు మీద ఒప్పుకోండి. జ్వరం ఉన్న రోజుల్లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇన్ఫెక్షన్లే ఈ పిల్లల్లో దాడులకు పెద్ద కారణం, అప్పుడు కొత్తది ఏదైనా కలిపితే ఏది ఎందుకు జరిగిందో ఎవరూ చెప్పలేరు. ఈ దారికి టైము పడుతుంది, సూదిపోట్లు ఉంటాయి, వాడు ఏడుస్తాడు. అది కూడా లెక్కలో వేసుకోండి.

ఇంట్లో గొడవ సర్దుకోవడానికి "సరే, కొంచెం కొంచెం పట్టండి" అని ఊరుకునే దారీ ఒకటుంది. చాలా ఇళ్ళల్లో చివరికి జరిగేది ఇదే. దయచేసి అటు వెళ్ళకండి. కొంచెం అన్నది ఎంత కొంచెమో ఎవరూ కొలవరు. రేపు వాడికి ఏదైనా అయితే మీ అత్తగారు ఆ బాధను మోయలేరు. ఈ దారి వద్దనడం ఆవిడ మీద కోపంతో కాదు, ఆవిడ కోసం కూడా.

బావగారితో మాట్లాడేటప్పుడు ఆయన తప్పు అని మొదలుపెట్టకండి. "మీరు తెచ్చిన పేపరు మొత్తం చదివాను బావగారూ, నాకు మూడు విషయాలు అర్థం కాలేదు" అనండి. ఈ పరీక్షలో రక్తం ఎవరిది? మన సీసాలో ఉన్నది ఇందులో వాడిన సారమేనా? ఇది నోటితో తీసుకున్న పిల్లల మీద ఎక్కడైనా చూశారా? చదువుకున్నవారు కాబట్టి మొదటి ప్రశ్న దగ్గరే ఆయన ఆగి ఆలోచిస్తారని నా నమ్మకం. మీవారితో మాత్రం వీళ్ళెవరూ లేనప్పుడు, ఒంటరిగా మాట్లాడండి. అన్నగారి ముందు ఆయన మీ పక్కన నిలబడలేకపోవడం, మీ మాట నమ్మకపోవడం ఒకటి కాదు.

అత్తగారి విషయం మీ ఉత్తరంలో అన్నిటికన్నా నొప్పిగా ఉంది. మీకు చెప్పకుండా పట్టడం తప్పే, అందులో సందేహం లేదు. కానీ డికాక్షన్ రంగు మూత్రాన్ని మొదట చూసింది ఆవిడేనని కూడా మీరే రాశారు. ఆ రోజు ఆవిడ కేక వేయకపోతే మీరు ఇంకో పూట ఆలస్యంగా ఆస్పత్రికి వెళ్ళేవారేమో. ఆ కళ్ళకు పని అప్పగించండి. జ్వరం వచ్చినా, కొత్త మందు ఏది వేసినా మూడు నాలుగు రోజులు వాడి మూత్రం రంగు, కంటి తెలుపు చూడటం ఆవిడ బాధ్యత చేయండి. తెల్లని మగ్గులో పట్టి చూస్తే రంగు బాగా తెలుస్తుంది. రంగు ముదిరినా, కళ్ళు పచ్చబడినా, వాడు పాలిపోయి ఆయాసపడుతున్నా ఆ పూటే ఆస్పత్రి, తెల్లారేదాకా ఆగేది లేదు. మనవడికి తన చేత్తో ఏదో చేయాలన్న తపనే ఆవిడతో ఆ చెంచా పట్టించింది. ఆ తపనకు సరైన దారి చూపిస్తే ఆవిడే మీకు పెద్ద అండ.

చివరగా మీరు అడిగింది. తొమ్మిదేళ్ళవాడికి తప్పకుండా చెప్పండి. ఎంజైములూ ఎలక్ట్రాన్లూ ఇప్పుడక్కర్లేదు. "నా రక్తం కొన్ని మందులకు పగిలిపోతుంది, అమ్మను అడక్కుండా ఏదీ వేసుకోను" అన్న ఒక్క వాక్యం నోటికి వస్తే చాలు. బట్టల మధ్య పెట్టే నాఫ్తలీన్ ఉండలు ముట్టుకోకూడదని కూడా చెప్పండి, ఇంట్లో ఉంటే తీసేయండి. డాక్టరు చేత పడని మందుల జాబితా రాయించి, ఒక కాగితం బడి సంచిలో, ఒకటి మీవారి పర్సులో, ఒకటి అత్తగారి కళ్ళద్దాల పెట్టెలో ఉంచండి. వాడి చేత ఆ వాక్యం మొదట చెప్పించేటప్పుడు, ఎదురుగా నానమ్మను కూర్చోబెట్టండి. వాడు ఆవిడకే చెప్పనివ్వండి.